కుట్టడానికి ముందు: సుశ్రుతసంహిత సీవనప్రకరణం – ఒక విమర్శనాత్మక పఠనం

వ్యాస సంగ్రహం:
సుశ్రుతసంహితలోని శస్త్రచికిత్సను గురించిన తెలుగు వ్యాసాలు ఎక్కువగా రెండు సంగతుల దగ్గరే ఆగిపోతున్నాయి. ఒకటి చీమల చేత పేగును కరిపించి మూయడం, రెండవది తెగిన ముక్కును అతకడం. సూత్రస్థానం 25వ అధ్యాయంలోని సీవనప్రకరణాన్ని, చికిత్సాస్థానం 14వ అధ్యాయంలోని ఉదరపాటనవిధిని కలిపి చదివితే గ్రంథం దృష్టి కుట్టు రకం మీద కంటే కుట్టకూడని గాయం మీద, కుట్టే ముందు జరగవలసిన శోధన మీద నిలిచిందని తెలుస్తుంది. పెద్దపేగు క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత చర్మాన్ని మూసే పద్ధతులపై ఇటీవల వెలువడిన అధ్యయనాల పక్కన ఈ పాఠాన్ని ఉంచి చూడడం, అలా చూసేటప్పుడు ఎదురయ్యే అపమార్గాలను గుర్తించడం, గాయం చెడడాన్ని చెప్పే తెలుగు మాటలను పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సుశ్రుతసంహిత, సీవనం, వ్రణశోధన, పాకం, ఉదరశస్త్రచికిత్స, వైద్యపరిభాష, అంగీకారపత్రం.

1. ఉపోద్ఘాతం

ప్రాచీన వైద్యగ్రంథాలపై మన సదస్సులలో చదివే పత్రాలకు ఒక స్థిరమైన నడక ఏర్పడింది. ముందుగా నేటి వైద్యశాస్త్రంలోని ఒక విశేషాన్ని చెబుతారు. తరువాత దానికి దగ్గరగా కనిపించే ఒక శ్లోకాన్ని చూపుతారు. చివర ఇదంతా మనవారికి ముందే తెలుసునని తేలుస్తారు. దీనికి ఎదురు నిలిచేవారి నడక కూడా అంతే స్థిరమైనది. సూక్ష్మక్రిముల ఊసు లేని గ్రంథంలో గాయం చెడడం గురించి తెలుసుకోదగినది ఏముంటుందన్నది వారి ప్రశ్న. ఈ ఇద్దరిలో ఎవరూ పాఠాన్ని పూర్తిగా చదవవలసిన అవసరం రాకుండా చర్చ ముగుస్తుంది. మొదటివారికి ఒక్క శ్లోకం చాలు, రెండవవారికి అదీ అక్కరలేదు.

తెలుగు శాఖలో పనిచేసే నాకు ఈ గ్రంథంపై వైద్యపరమైన తీర్పు చెప్పే అధికారం లేదు. ఒక పాఠంలో ఏ మాట ఏ మాట పక్కన ఉంది, ఏది విధి, ఏది నిషేధం, ఏది వికల్పం అని చూడడం మాత్రం సాహిత్య విద్యార్థి చేయగలిగిన పని. ఇక్కడ చేసినది అదే. ఆధారంగా తీసుకున్నది డల్హణుని నిబంధసంగ్రహ వ్యాఖ్యతో ప్రచారంలో ఉన్న ముద్రితపాఠం. కాఠ్మండూలోని కైసర్ గ్రంథాలయంలో ఉన్న క్రీ.శ. 878 నాటి తాళపత్రప్రతి ఈ ముద్రితపాఠం కంటే పాత దశను చూపుతుంది. దానిని 2013లో యునెస్కో ప్రపంచ జ్ఞాపక జాబితాలో చేర్చారు. కనుక ముద్రితపాఠాన్నే సుశ్రుతుని నోటిమాటగా భావించరాదన్న జాగ్రత్త మొదటే అవసరం. ఈ వ్యాసంలో ‘గ్రంథం’ అన్నచోట ముద్రితపాఠం అనే గ్రహించాలి.

2. సీవనప్రకరణం: ‘న’కారాలూ ‘వా’కారాలూ

సూత్రస్థానం 25వ అధ్యాయం అష్టవిధశస్త్రకర్మీయం. ఛేద్యం, భేద్యం, లేఖ్యం, వేధ్యం, ఏష్యం, ఆహార్యం, విస్రావ్యం, సీవ్యం అనే ఎనిమిది శస్త్రకర్మలలో కుట్టుది చివరి స్థానం. మిగిలిన కర్మలకు గ్రంథం ఏ ఏ వ్యాధులలో వాడాలో పట్టిక వంటిది ఇచ్చి ముందుకు సాగుతుంది. సీవ్యం దగ్గరికి వచ్చేసరికి నడక మారుతుంది. కుట్టదగినవి మూడే: కొవ్వు వల్ల పుట్టి, కోసి బాగా గీకి శుభ్రం చేసిన వాపులు, అప్పుడే తగిలిన గాయాలు, కదిలే కీళ్ల మీది గాయాలు. అది ఒక్క శ్లోకంలో ముగుస్తుంది. ఆ వెంటనే కుట్టకూడనివి మొదలవుతాయి. క్షారంతో, అగ్నితో, విషంతో చెడిన గాయాన్ని కుట్టరాదు. గాలి వెలువడే గాయాన్ని కుట్టరాదు. లోపల నెత్తురు గాని శల్యం గాని నిలిచిన గాయాన్ని కుట్టరాదు. వీటికి ముందు చక్కగా శోధన జరగాలి.

శోధన ఎందుకో కూడా గ్రంథమే చెబుతుంది. దుమ్ము, వెంట్రుక, గోరు, కదులుతున్న ఎముకముక్క వంటివి తీయకుండా వదిలేస్తే అవి గాయాన్ని తీవ్రంగా పాకానికి తెస్తాయి, రకరకాల నొప్పులను పుట్టిస్తాయి. ఈ ప్రకరణమంతటిలో కారణం చెప్పిన చోట్లు చాలా తక్కువ. ఏ దారం ఎందుకు మంచిదో చెప్పలేదు, ఏ కుట్టు ఎందుకు వేయాలో చెప్పలేదు. శోధనకు మాత్రం కారణం చెప్పారు. గ్రంథకర్త ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో తెలుసుకోవడానికి ఇది బలమైన గుర్తు.

ఆ తరువాత దారాల జాబితా వస్తుంది: సన్నని నూలు, అశ్మంతకపు నార, జనుపనార, అవిసెనార, స్నాయువు, వెంట్రుక, చాగనార, తిప్పతీగ పీచు. కుట్టు రకాలు నాలుగు: వేల్లితకం, గోఫణిక, తున్నసేవని, ఋజుగ్రంథి. పేర్లే వాటి ఆకారాన్ని చూపుతాయి. వేల్లితకం తీగలా చుట్టుకుంటూ పోయేది. గోఫణ అంటే ఒడిసెల. తున్నసేవనిలోని ‘తున్న’ శబ్దం దర్జీల వీధి నుండి వచ్చింది. అమరకోశంలో తున్నవాయుడు అంటే కుట్టుపనివాడే. చినిగిన బట్టకు రఫూ చేసే చేతిని వైద్యుడు అరువు తెచ్చుకున్నాడు. సూత్రస్థానం 9వ అధ్యాయంలో శిష్యుడు కుట్టుపనిని ముందుగా దళసరి బట్ట అంచుల మీద, మెత్తని తోలు అంచుల మీద అభ్యసించాలని ఉండడం ఈ బంధుత్వాన్ని బలపరుస్తుంది. తెలుగులో రవికకూ కడుపుకూ ఒకే ‘కుట్టు’ చాలడం మన భాష పేదరికం కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఇక్కడ గమనించవలసిన వ్యాకరణాంశం ఒకటి ఉంది. కుట్టకూడని గాయాల దగ్గర వాక్యాన్ని నడిపే పదం ‘న’. దారాలూ కుట్టు రకాలూ వచ్చిన దగ్గర వాక్యాన్ని నడిపేది ‘వా’. ఇది గాని, అది గాని, మరొకటి గాని; చివరికి యథాయోగం, అంటే సందర్భాన్ని బట్టి. నిషేధాలలో రాయితీ లేదు, పద్ధతులలో పట్టుదల లేదు. దారాలలో ఇది ఉత్తమం, అది అధమం అన్న తారతమ్యం కూడా చూపలేదు. ప్రతి విషయాన్నీ ఉత్తమ, మధ్యమ, అధమాలుగా విడదీసే అలవాటున్న శాస్త్రసంప్రదాయంలో ఇది చిన్న సంగతి కాదు.

సూదుల దగ్గర మళ్లీ కచ్చితత్వం కనిపిస్తుంది. మాంసం తక్కువ ఉన్నచోట, కీళ్ల వద్ద రెండు అంగుళాల గుండ్రని సూది. మాంసలమైన చోట మూడు అంగుళాల పొడవైన మూడు అంచుల సూది. మర్మస్థానాలకు, వృషణకోశానికి, ఉదరానికి విల్లులా వంగిన సూది. సూదిమొన మాలతీపుష్పపు తొడిమ కొనలా ఉండాలన్న పోలికలో కావ్యపు ఛాయ ఉన్నా దాని పని కొలత చెప్పడమే. కుట్టుకు కుట్టుకు మధ్య ఎడం మరీ ఎక్కువైతే గాయపు పెదవికి నొప్పి, మరీ దగ్గరైతే చర్మం తెగిపోవడం. గాయం అంచును ‘ఓష్ఠం’ అనడం తెలుగులోకి అంతగా రాలేదు. మనం అంచు అంటాం, ఆ మాటే ఇక్కడ సరిపోతుంది. కుట్టిన తరువాత క్షౌమవస్త్రంతో, దూదితో కప్పి ప్రియంగువు, అంజనం, యష్టిమధుకం, లొద్దుగ పొడులను చుట్టూ చల్లాలి. కట్టు కట్టాలి. ఆపైన రోగి నడుచుకోవలసిన తీరును చెప్పాలి.

అధ్యాయం చివరి భాగాన్ని ఎవరూ ఉదాహరించగా నేను చూడలేదు. శస్త్రకర్మలో వైద్యుడు చేసే తప్పులు నాలుగని గ్రంథం లెక్కపెడుతుంది: తక్కువ కోయడం, ఎక్కువ కోయడం, అడ్డదిడ్డంగా కోయడం, తన ఒంటినే కోసుకోవడం. తప్పు జరగడానికి కారణాలుగా అజ్ఞానంతో పాటు లోభాన్ని, భయాన్ని, గిట్టనివారి మాటను కూడా చెబుతుంది. రోగి తల్లినీ తండ్రినీ కొడుకులనూ బంధువులనూ శంకించవచ్చు గాని వైద్యుణ్ణి నమ్మి తనను తాను అప్పగించుకుంటాడు, కనుక అతణ్ణి కొడుకులా కాపాడాలి అన్న భావంతో అధ్యాయం ముగింపుకు వస్తుంది. కుట్టు గురించి మొదలైన మాట నమ్మకం గురించి ముగియడం యాదృచ్ఛికం కావచ్చు. సంకలనకర్త కూర్పు కావచ్చు. పాఠకునికి మాత్రం అవి పక్కపక్కనే అందుతాయి.

3. చీమల మీది మోజు

చికిత్సాస్థానం 14వ అధ్యాయం ఉదరచికిత్స. ఎనిమిది ఉదరవ్యాధులలో బద్ధగుదం, పరిస్రావి అనేవి అసాధ్యాలని, మిగిలినవి కష్టసాధ్యాలని, అన్నిటినీ ‘ప్రత్యాఖ్యాయ’ అంటే నయమవుతుందన్న హామీ లేదని ముందే చెప్పి చికిత్స మొదలుపెట్టాలని అధ్యాయం ఆరంభంలోనే ఉంది. చీమల ప్రస్తావన వచ్చేది ఇలా హెచ్చరించిన తరువాత. ఆ హెచ్చరికను వదిలి చీమలను మాత్రం ఎత్తిచూపే వ్యాసాలు మూలానికి అన్యాయం చేస్తున్నాయి.

విధానం ఇది. బద్ధగుదంలో రోగికి స్నేహస్వేదాలు చేసి, బొడ్డుకు దిగువన, ఎడమవైపు, నూగారు నుండి నాలుగు అంగుళాలు విడిచి ఉదరాన్ని కోయాలి. నాలుగు అంగుళాల మేర పేగును వెలికి తీసి పరీక్షించి, అడ్డుపడిన రాయిని గాని వెంట్రుకలను గాని మలపు ముద్దను గాని తొలగించాలి. తేనె, నెయ్యి పూసి పేగును యథాస్థానంలో ఉంచి బయటి గాయాన్ని కుట్టాలి. పేగుకు చిల్లి పడిన పరిస్రావిలో శల్యాన్ని తీసి, పేగు నుండి కారినదానిని శుభ్రం చేసి, చిల్లిని దగ్గరకు చేర్చి నల్లచీమల చేత కరిపించాలి. కరిచాక వాటి ఒళ్లు తీసేసి తలలను ఉంచాలి. తరువాత మునుపటిలాగే కుట్టి, యష్టిమధుకం కలిపిన నల్లమట్టి పూసి, కట్టు కట్టి, గాలి దూరని గదిలో ఉంచాలి. నూనె తొట్టిలో గాని నేతి తొట్టిలో గాని ఉంచి పాలతో పోషించాలి.

దీనిపై వచ్చే వ్యాఖ్యలలో మూడు పొరపాట్లు తరచుగా కనబడతాయి.

మొదటిది, ఈ చీమలను నేటి చర్మపు స్టేప్లర్ పిన్నులతో పోల్చడం. గ్రంథంలో చీమలు కరిచేది లోపలి పేగును, దారం కుట్టేది బయటి గాయాన్ని. పోలిస్తే పేగును అతికే యంత్రంతో పోల్చాలి గాని చర్మాన్ని మూసే పిన్నులతో కాదు. పొరలు వేరు, ప్రశ్నలు వేరు. పేగు అతుకు ఊడితే లోపల కారి ప్రాణం మీదికి వస్తుంది. చర్మపు కుట్టు చెడితే చీము, నొప్పి, ఆలస్యం. ఈ రెండింటినీ కలిపివేసిన పత్రం మీద ఆపై ఏ చర్చా నిలవదు.

రెండవది, మూలంలో లేనిదానిని చేర్చడం. చీమల ఆమ్లం క్రిమిసంహారకంగా పనిచేస్తుందని, తలలు లోపలే కరిగిపోతాయని, ఇదంతా గ్రంథకర్తకు తెలుసునని వ్రాస్తారు. తలలను ఉంచమన్నంతవరకే పాఠం. అవి ఏమవుతాయో అది చెప్పలేదు. క్రీస్తుశకం పదవ శతాబ్దం చివర స్పెయిన్‌లో జీవించిన అరబ్బు వైద్యుడు అల్ జహ్రావీ కూడా పేగుగాయాలకు చీమల వాడకాన్ని పేర్కొన్నాడు. ఒకే ఉపాయం వేరువేరు చోట్ల కనిపించడం ఆలోచించదగిన సంగతి. ఆ ఆలోచనకు ఆమ్లం అవసరం లేదు.

మూడవది, ఇది ప్రాచీన భారతదేశపు పేగు క్యాన్సర్ శస్త్రచికిత్స అనడం. పేగుకు అడ్డుపడినవిగా గ్రంథం చెప్పేవి రాయి, వెంట్రుక, మలం. కణితులను గురించి అర్బుదం పేరిట నిదానస్థానంలో వేరే అధ్యాయం ఉంది. ముందొకటి పుట్టినచోటే మరొకటి పుట్టడం గురించిన ప్రస్తావన కూడా ఉన్నది అక్కడే. ఈ రెండు ప్రకరణాలను కలపడానికి గ్రంథం దారి ఇవ్వలేదు.

ఇంతకూ ఈ భాగంలో పాఠకుడు ఆగవలసిన మాట చీమలకు ముందే ఉంది. పేగు నుండి కారినదానిని శుభ్రం చేయడం అన్నది అది. చిల్లిని మూయడానికి ముందు, చర్మాన్ని కుట్టడానికి ముందు శోధన. సూత్రస్థానంలో సామాన్యసూత్రంగా చెప్పినది చికిత్సాస్థానంలో ఉదరానికి వర్తించింది. విల్లులా వంగిన సూది కూడా అక్కడ ఉదరం పేరు చెప్పి ఇచ్చినదే. మరొక అంశం కూడా చేర్చాలి. సూత్రస్థానం 5వ అధ్యాయం మూఢగర్భం, ఉదరం, అర్శస్సు, అశ్మరి, భగందరం, ముఖరోగాలలో రోగి ఆహారం తీసుకోకుండా ఉన్నప్పుడే శస్త్రకర్మ చేయాలంటుంది. చెల్లాచెదురుగా ఉన్న ఈ సూచనలను ఒకచోట చేర్చడం చీమలను వర్ణించడం కంటే శ్రమతో కూడిన పని. బహుశా అందుకే అది జరగలేదు.

4. పిన్నులా, లోపలి కుట్టా: రెండు అధ్యయనాలు, మరొకటి

పెద్దపేగు సూక్ష్మజీవులకు నెలవు. అందువల్ల ఆ పేగును కోసే శస్త్రచికిత్సలలో గాయం చెడే అవకాశం తక్కిన అనేక శస్త్రచికిత్సల కంటే ఎక్కువ. చివర చర్మాన్ని ఎలా మూయాలన్నది శస్త్రవైద్యుల మధ్య పాత వివాదమే. లోహపు పిన్నులు నిమిషాలలో పని ముగిస్తాయి. చర్మం కింది పొరలో కనబడకుండా సాగే కుట్టుకు సమయం ఎక్కువ పడుతుంది, మచ్చ సన్నగా మిగులుతుంది.

2013లో లాన్సెట్ పత్రికలో వెలువడిన జపాన్ అధ్యయనం జీర్ణాశయం, పేగుల శస్త్రచికిత్స చేయించుకున్న వెయ్యిమందికి పైగా రోగులలో ఈ రెండు పద్ధతులను పోల్చింది. గాయసమస్యలు లోపలి కుట్టు వేసినవారిలో 8.4 శాతం, పిన్నులు వేసినవారిలో 11.5 శాతం. గణాంకశాస్త్రం ప్రకారం ఇది నిలిచే తేడా కాదు. 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో వెలువడిన మరొక జపాన్ అధ్యయనం పెద్దపేగు క్యాన్సర్ రోగులను మాత్రమే తీసుకున్నది. 30 రోజులలో గాయం చెడినవారు లోపలి కుట్టు వర్గంలోని 607 మందిలో 8.7 శాతం, పిన్నుల వర్గంలోని 608 మందిలో 9.7 శాతం. తేడా లేదన్నట్టే. రోగుల సంతృప్తి మాత్రం లోపలి కుట్టు వైపు ఎక్కువగా ఉంది.

ఇక్కడే నా పఠనానికి ఒక ప్రలోభం ఎదురైంది. గ్రంథంలోని ‘వా’కారాలు ఈ ఫలితాన్నే చెబుతున్నాయి కదా, కుట్టు ఏదైనా ఒకటేనని సుశ్రుతుడు ముందే అన్నాడు కదా అని వ్రాయవచ్చు. వ్రాస్తే ఉపోద్ఘాతంలో నేను తప్పుపట్టిన నడకలోనే నడిచినట్టు. ‘వా’ అన్న పదం వెనుక పోల్చి చూసిన అనుభవం ఉండవచ్చు. ఏ ఊరిలో ఏ నార దొరికితే అది వాడమన్న లౌక్యం మాత్రమే కూడా ఉండవచ్చు. అశ్మంతకం దొరకనిచోట తిప్పతీగ ఉంటుంది. పాఠం నుండి ఈ రెండింటిలో ఏదో తేల్చడం సాధ్యం కాదు. రెండు వర్గాల రోగులను విడదీసి లెక్కపెట్టి చూసిన నిర్ణయమూ, వైద్యుని విచక్షణకు వదిలిన వికల్పమూ ఒకే జాతి వాక్యాలు కావు. పైకి ఒకేలా వినిపిస్తాయి, అంతే.

పోలిక మరొకచోట కొంత సారవంతంగా ఉంటుంది. 2022లో లాన్సెట్‌లో వచ్చిన ‘చీతా’ అధ్యయనం భారతదేశంతో సహా ఏడు దేశాలలో, 81 ఆసుపత్రులలో, 13,301 మంది ఉదరశస్త్రచికిత్స రోగులపై జరిగింది. దాని ప్రశ్న చాలా సాదాగా ఉంది. కడుపును మూయడానికి ముందు శస్త్రబృందం చేతి తొడుగులనూ పనిముట్లనూ మార్చుకుంటే ఏమవుతుంది? మామూలు పద్ధతిలో 18.9 శాతం గాయాలు చెడగా, మార్చుకున్నచోట 16.0 శాతం చెడాయి. దారం మారలేదు, కుట్టు మారలేదు. కుట్టే ముందరి ఒక్క ఘడియ మారింది.

సీవనప్రకరణం కూడా ఆ ఘడియ మీదనే దృష్టి పెట్టిందన్నంతవరకు నిజం. ఆ దృష్టికి పట్టినదేమిటన్న దగ్గర రెండూ విడిపోతాయి. గ్రంథానికి మలినం గాయంలో ఉంది: దుమ్ము, వెంట్రుక, గోరు. చీతా అధ్యయనానికి మలినం వైద్యుని చేతికి ఉంది, అతని కత్తెరకు ఉంది. వైద్యుడు గోళ్లు, వెంట్రుకలు కత్తిరించుకొని శుచిగా, తెల్లబట్టలతో ఉండాలని సూత్రస్థానం 10వ అధ్యాయం చెప్పిన మాట వాస్తవమే. కానీ అది రోగి ఇంటికి వెళ్లే వైద్యుని నడవడికి సంబంధించినది. ఆ చేయి గాయాన్ని చెరుపుతుందన్న అనుమానం అక్కడ లేదు. 19వ అధ్యాయంలో గాయపడిన రోగి గదికి ఆవాలు, వేపాకులు, నెయ్యి, ఉప్పుతో రోజుకు రెండుసార్లు, పది రోజులు ధూపం వేయమని ఉంది. అందుకు చెప్పిన కారణం నెత్తుటికీ మాంసానికీ ఆశపడి వచ్చే నిశాచరులు. వేపాకు ఒక్కటే తీసుకొని నిశాచరులను వదిలేసే వ్యాఖ్యాతలు పాఠాన్ని సగం కోసి మిగతా సగాన్ని కుట్టేస్తున్నారు. గ్రంథం లెక్కపెట్టిన నాలుగు తప్పులలో మొదటిది ఇదే.

5. పాకం, పండడం, చీము

గాయం చెడడానికి గ్రంథం వాడే మాట పాకం. ఎమ్మే తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు విద్యార్థులకు ముందుగా గుర్తుకు వచ్చేది బెల్లం పాకం, అరిసెల పాకం. నవ్వులాటగా కనిపించినా అర్థం అక్కడే ఉంది. వేడికి పదార్థం మరొక దశకు చేరడం పాకం. సూత్రస్థానం 17వ అధ్యాయం వాపును ఆమం, పచ్యమానం, పక్వం అని మూడు దశలుగా చూస్తుంది. పచ్చిదానిని కోసేవాడూ, పక్వమైనదానిని పట్టించుకోనివాడూ సమానంగా నింద్యులంటుంది. ఆ నిందకు గ్రంథం ఎంచుకున్న ఉపమానం శ్వపచులు. కుక్కమాంసం వండుకునేవారని ఒక జనసమూహానికి పెట్టిన తక్కువ పేరు అది. వైద్యుని అలసత్వాన్ని తిట్టడానికి ఒక కులాన్ని తెచ్చిపెట్టుకోవడాన్ని వ్యాఖ్యాతలు చూసీ చూడనట్టు దాటిపోతారు. గ్రంథంలోని సూదిమొనను మెచ్చుకున్న చేతితోనే దీనినీ ఎత్తిచూపాలి.

తెలుగులో గడ్డ ‘పక్వానికి వచ్చింది’ అంటాం, ‘పండింది’ అంటాం. పచ్చి, పండు అన్న జంట సంస్కృతపు ఆమ, పక్వాల జంటకు అచ్చంగా సరిపోతుంది. పచ్చి గాయం, పచ్చి పుండు అన్నవీ ఇందులోవే. అయితే ఈ మాటలన్నీ గాయం చెడడాన్ని కాలంతో పాటు జరిగే పరిణామంగా చూపుతాయి. బయటినుండి ఏదో వచ్చి చేరిందన్న భావం వాటిలో లేదు. ‘చీము పట్టింది’ అన్న మాటలో ఆ భావం కొంత ఉంది. ‘పట్టడం’ అన్న క్రియ తుప్పుకు, బూజుకు, నాచుకు కూడా వాడతాం. ఇవన్నీ పైనుండి వచ్చి చేరేవే. ఈ చిన్న క్రియ ముందు మనం కొత్తగా తయారుచేసుకున్న పెద్ద పదాలు వెలవెలబోతాయి.

6. అంగీకారపత్రం భాష

ఆ పెద్ద పదాల సంగతి నాకు తెలిసింది గ్రంథాలయంలో కాదు. మా ఇంటి పెద్దాయన ఒకరికి పెద్దపేగు శస్త్రచికిత్స జరగవలసి ఉన్నప్పుడు, తెలుగు చదివినవాణ్ణని, అంగీకారపత్రాన్ని చదివి అర్థం చెప్పే పని నామీద పడింది. అందులో గాయం చెడే ప్రమాదాన్ని ‘శస్త్రచికిత్సా స్థల సంక్రమణ’ అని వ్రాశారు. మా పెద్దాయన వ్యవసాయం చేసిన మనిషి. సంక్రమణం అంటే ఆయనకు మకర సంక్రమణం, సంక్రాంతి. సంక్రమించడం అంటే తాతల నాటి పొలం తనకు రావడం. అదే పత్రంలో కిందిభాగాన మరొకచోట ఇదే సంగతిని ‘అంటువ్యాధి’ అన్నారు. ఆ మాట మాత్రం ఆయనకు బాగా అర్థమైంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, నన్ను వేరే గదిలో ఉంచుతారా అని అడిగారు.

ఒకటి అర్థం కాని మాట, రెండవది తప్పుగా అర్థమయ్యే మాట. రెండూ ఒకే ఆంగ్లపదానికి పెట్టిన తెలుగులే. పరిభాషాకల్పన అనగానే సంస్కృతధాతువును వెతికే మన శాఖల అలవాటుకు ఇందులో బాధ్యత ఉందని ఒప్పుకోవాలి. నిఘంటువులో పదాన్ని చేర్చి తృప్తిపడతాం, ఆ పదం ఒక మనిషి సంతకానికి పైన అచ్చయినప్పుడు ఏమవుతుందో చూడం. వార్డులలో నర్సులు, రోగుల బంధువులు ఈ బాధను ఎప్పుడో దాటిపోయారు. వారు ‘ఇన్ఫెక్షన్ వచ్చింది’ అంటారు, ‘సెప్టిక్ అయింది’ అంటారు, ‘కుట్లు విచ్చుకున్నాయి’ అంటారు, స్టేపుల్స్‌ను ‘పిన్నులు’ అంటారు. ఈ మాటలను పత్రంలోకి రానీయకపోవడానికి గౌరవభంగం తప్ప మరో కారణం నాకు కనబడదు.

‘చీము పట్టడం’ అన్న మాటనే ప్రతిచోటా వాడాలని నేననడం లేదు. దానికొక పరిమితి ఉంది. ఆధునిక వైద్యం గాయం చెడడాన్ని మూడు లోతులుగా చూస్తుంది: చర్మం, దాని కింది పొర వరకు, కండరాల పొరల వరకు, కడుపు లోపల అవయవాల వరకు. మొదటిదానికి చీము అన్న మాట చక్కగా సరిపోతుంది. మూడవది బయటికి కనబడకపోవచ్చు. జ్వరం, నొప్పి, కడుపు ఉబ్బరం మాత్రమే తెలుస్తాయి. చీము కనబడలేదు కనుక ఫరవాలేదని ఇంటి దగ్గరే ఉండిపోయే ప్రమాదాన్ని ఆ మాట తెచ్చిపెట్టవచ్చు. కాబట్టి ఒక్క పదంతో పని జరగదు, వాక్యాలు కావాలి. పరిభాషాసంఘాలు పదాలను తయారుచేస్తాయి గాని వాక్యాలను తయారుచేయవు.

‘ప్రత్యాఖ్యాయ’ అన్న మాటను ఇక్కడ మళ్లీ గుర్తుచేసుకోవచ్చు. నయమవుతుందన్న హామీ లేదని చెప్పి మొదలుపెట్టడంలో రెండు ఉద్దేశాలకు తావుంది. ఒకటి రోగికి నిజం తెలియజేయడం, రెండవది చెడ్డపేరు రాకుండా వైద్యుడు తనను తాను కాపాడుకోవడం. అశ్మరీచికిత్సలో గ్రంథం మరీ స్పష్టంగా ఉంది. చేయకపోతే మరణం తప్పదు, చేస్తే సంశయం; కనుక ప్రభువును అడిగి చేయాలి. అక్కడ అడిగేది రోగిని కాదు. నేటి అంగీకారపత్రం అడిగేది రోగినే. కానీ అతనికి తెలియని భాషలో అడిగినప్పుడు ఆ పత్రం కూడా రెండవ ఉద్దేశానికే ఉపయోగపడుతుంది.

ఆ రోజు పత్రాన్ని పక్కన పెట్టి పెద్దాయనకు నేను చెప్పినది ఇది: “కోసినచోట చీము పట్టవచ్చు. అది పదిమందిలో ఒకరికి అటూఇటుగా వస్తుంది. ఒకరినుండి ఒకరికి అంటుకునేది కాదు. పిన్నులు వేసినా, లోపల కుట్టినా అందులో పెద్ద తేడా ఉండదట. ఇంటికి వచ్చాక కుట్ల దగ్గర ఎర్రబడినా, తడి కనబడినా, తడి లేకుండా జ్వరం వచ్చినా, కడుపు ఉబ్బినా ఆగకుండా మళ్లీ వెళ్లాలి.” ఆయన కాసేపు ఆలోచించి, పిన్నులు తీసేటప్పుడు నొప్పి ఉంటుందా అని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం పత్రంలో ఎక్కడా లేదు. నర్సును పిలిచి అడిగి తెలుసుకున్నాక సంతకం చేశారు.